అవతలి జట్టులో మా ముత్తి

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, దసరా సెలవులు ముగిసిన వారంలో, సుక్మా జిల్లా క్రీడా కార్యాలయం నుంచి ఒక ఆదేశపత్రం వచ్చింది. నేను పనిచేసేది ఆ కార్యాలయంలోనే కాబట్టి అది పక్క గదిలోంచి నా బల్ల మీదికి వచ్చింది. సంభాగ స్థాయి, అంటే కొన్ని జిల్లాలు కలిసిన డివిజన్ స్థాయి, బాలికల బేస్‌బాల్ పోటీల్లో రెండో సెమీఫైనల్‌కు నన్ను ప్లేట్ అంపైర్‌గా నియమించారు. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌కు వెనక నిలబడి ప్రతి బంతికీ తీర్పు చెప్పేవాడు ప్లేట్ అంపైర్. మైదానంలో చివరి మాట అతనిదే.

ఆడేది దోర్నపాల్ బడి జట్టు. ఎదురు జట్టు ఇనుప గనుల టౌన్‌షిప్‌లోని ఒక పాఠశాలది.

కాగితం చదివి లేచి జిల్లా క్రీడా అధికారి గదిలోకి వెళ్లాను. దోర్నపాల్ జట్టును తయారుచేసింది నేనేనని, టౌన్‌షిప్ జట్టులో బంతి విసిరే పిచర్ కూడా నా దగ్గర నేర్చుకున్న పిల్లేనని, వేరొకరిని వేయమని అడిగాను. ఆయన ఫైలు మీంచి తల ఎత్తలేదు. జగదల్‌పూర్ నుంచి రావలసిన అంపైర్‌కు జ్వరమని, రాష్ట్ర అంపైరింగ్ పరీక్ష పాసైనవాడు జిల్లాలో నేనొక్కడినేనని అన్నారు. "దోనో ఆప్‌కే బచ్చే హై, తో దిక్కత్ క్యా హై?" అని నవ్వారు. రెండు జట్లూ మీ పిల్లలే అయితే ఇబ్బందేముంది అని ఆయన ఉద్దేశం. నేనూ నవ్వి బయటికి వచ్చేశాను.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి.

మా నాన్న కిరందుల్ రైల్వే లైన్‌లో పాయింట్స్‌మన్. విజయనగరం వైపు నుంచి వచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఇంట్లో మాది ఉత్తరాంధ్ర 'ఏటి' భాష, బడిలో హిందీ, సంతలో హల్బీ. చదువు అయ్యాక వ్యాయామ ఉపాధ్యాయుణ్ణయ్యాను. ఇక్కడ ఆ ఉద్యోగాన్ని పీటీఐ అంటారు. చాలా బడుల్లో పీటీఐ పని ప్రార్థన సమయంలో వరుసలు నిలబెట్టడం, పంద్రాగస్టుకు కవాతు చేయించడం. దోర్నపాల్‌లో చేరిన ఏడాది ప్రభుత్వం పంపిన క్రీడాసామగ్రి పెట్టెలో అనుకోకుండా బేస్‌బాల్ గ్లవ్స్, రెండు బ్యాట్లు వచ్చాయి. తిప్పి పంపడం కన్నా నేర్పడం తేలికనిపించింది.

సోయం ముత్తి అక్కడి బాలికల ఆశ్రమశాలలో ఉండి మా బడిలో చదువుకునేది. చింతలనార్ దారిలో వాళ్ల ఊరు. ఇంట్లో గోండీ, దోర్నపాల్ వచ్చాక తెలుగు పట్టుబడింది. చింతచెట్టు కొమ్మ చివరున్న గుత్తిని రాయితో కొట్టి రాల్చడం నేను కళ్లారా చూశాను. ఆ చేతికి బంతి ఇచ్చాను. రెండో ఏడాదికల్లా జిల్లాలో ఆమె బంతిని సరిగ్గా కొట్టిన పిల్ల లేదు.

దోర్నపాల్ హైవే పక్క బజారు. జగదల్‌పూర్ నుంచి కుంటకు పోయే బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. బడి మైదానానికి గోడ లేదు కాబట్టి టీ తాగేవాళ్లు, టికెట్ కోసం నిలబడ్డవాళ్లు సాయంత్రం మా సాధన చూసేవాళ్లు. మెల్లగా ఆటలోని మెలకువలు బజారుకు కూడా వచ్చేశాయి. వాళ్లందరిలో ముందుండేవాడు టైలర్ సత్తెన్న. బస్టాండ్ ఎదురుగా మిషను వేసుకుని కూర్చునేవాడు. జట్టు చొక్కాలు కుట్టింది అతనే. ముత్తి చొక్కా వెనక అంకెతోపాటు పేరు కూడా ఎర్రదారంతో కుట్టాడు. తక్కినవాళ్లకేదని అడిగితే "ఆళ్లు గిట్ల ఏసినప్పుడు కుడుత సార్" అన్నాడు.

నేను నేర్పిన పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. బేస్‌బాల్‌లో పిచర్ ఒక రబ్బరు పలక మీద కాలుంచి బంతి విసరాలి. మూడో బేస్ మీదున్న ప్రత్యర్థి ముందుకు దూకి హోమ్ ప్లేట్‌ను తాకితే వాళ్లకొక పరుగు. అలా దూకబోతున్నట్టు కనిపిస్తే, విసరడం మొదలుపెట్టకముందే పిచర్ పలక మీంచి వెనక్కి దిగిపోవచ్చు. ముత్తికి బంతి మీద తప్ప మరెక్కడా చూపు ఉండదు. అందుకని నేను పక్క నుంచి "నిలూ!" అని అరిచేవాణ్ణి. ఆ మాట చెవిన పడగానే ఆమె దిగిపోయేది. కొన్నాళ్లకు నేను అరిచేలోపే బజారు అరిచేది. సత్తెన్న గొంతు అందరికన్నా పెద్దది.

మూడో ఏడాది వానాకాలంలో ముత్తి ఒక కాగితం తెచ్చింది. టౌన్‌షిప్ పాఠశాల ఆమెకు హాస్టల్లో చోటిచ్చి పదకొండో తరగతిలో చేర్చుకుంటానంది. ఆ జట్టు మ్యాచ్‌లు చూడటానికి రాష్ట్ర సెలెక్టర్లు వస్తారు, మా దగ్గరికి రారు. ఆటగాళ్లు బడి మారాలంటే పాత పీటీఐ నిరభ్యంతర పత్రం మీద సంతకం చేయాలి.

"మీరు వద్దంటే పోను సార్" అంది.

సంతకం చేశాను. ఆమె వాకిలి దాకా వెళ్లి మళ్లీ వచ్చింది. "సత్తెన్నకు మీరే చెప్పండి సార్. నాకు మొకం చెల్లత లేదు." చెబుతానన్నాను.

చెప్పలేదు. ఆ వారం చెబుదామనుకుంటే పోటీల ఎంపిక వచ్చింది. ఆ తర్వాత జట్టు ఓడిపోయింది. ఓడాక ఎవరు చెప్పినా సాకులాగే ఉంటుందనిపించింది. బజారులో మాత్రం ముత్తి ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి బస్సెక్కిందని, గనులవాళ్లు బూట్లు చూపించి లాక్కుపోయారని స్థిరపడిపోయింది. నా సంతకం సంగతి ఎవరికీ తెలియదు. చలికాలంలో నాకు సహాయక క్రీడా అధికారిగా పదోన్నతి వచ్చి సుక్మాకు మారిపోయాను.

సెమీఫైనల్ రోజు సుక్మా మైదానానికి దోర్నపాల్ నుంచి రెండు బొలెరోలు, లెక్కలేనన్ని మోటారు సైకిళ్లు వచ్చాయి. ఆట మొదలవకముందు గీతలు సరిచూస్తూ నడుస్తున్నాను. మైదానం హద్దుగా కట్టిన తాడు అవతల సత్తెన్న నిలబడి ఉన్నాడు. ముత్తిని చూడటానికి వచ్చావా అని పలకరించాను.

"నేనెందుకు చూస్త సార్ దాన్ని? ఓడితే ఎట్లుంటదో చూద్దామని వచ్చిన" అన్నాడు. మళ్లీ తనే, "చెయ్యి నొప్పి తగ్గిందా దానికి? నిరుడు భుజం పట్టింది కదా" అన్నాడు.

జనమంతా అలాగే ఉన్నారు. ముత్తి పలక మీదికి రాగానే కొందరు ఊళ వేశారు. ఊళ వేసినవాళ్లే ఆమె మొదటి బ్యాటర్‌ను అవుట్ చేసినప్పుడు మరిచిపోయి చప్పట్లు కొట్టి, పక్కవాణ్ణి చూసి ఆపేశారు. "అమ్ముడుపోయింది" అని ఒకడంటే, "నీకు పిలుపొస్తే ఈడనే ఉంటుంటివా?" అని ఇంకొకడు. ఆ గొడవంతా నా వీపు వెనకే. నాకూ స్థిమితంగా లేదు. ప్లేట్ అంచున పడ్డ ప్రతి బంతికీ, స్ట్రైక్ అంటే ముత్తికి ఇస్తున్నానా, బాల్ అంటే దోర్నపాల్‌కు ఇస్తున్నానా అని లోపల ఒక లెక్క నడుస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో మాస్క్ కింద అంత చెమట ఎప్పుడూ పట్టలేదు. ముత్తి నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు. అంపైర్‌ను పలకరించకూడదని నేర్పింది నేనే.

ఏడో ఇన్నింగ్స్, అంటే చివరిది. మూడు పరుగులతో రెండు జట్లూ సమానం. దోర్నపాల్ బ్యాటింగ్. ఇద్దరు అవుటయ్యారు, మూడో బేస్ మీద కెప్టెన్ సునీత ఉంది. ముత్తి దోర్నపాల్‌లో ఆడినన్నాళ్లూ ఆమెకు క్యాచర్ ఈ పిల్లే. ఇంకొక్క అవుట్ తీస్తే మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కు పోతుంది.

ముత్తి చేతులు కదిలాయి. సరిగ్గా అప్పుడే సునీత ముందుకు దూకినట్టు నటించింది. తాడు అవతల నుంచి కేక వచ్చింది.

"నిలూ, ముత్తీ!"

ముత్తి ఆగిపోయింది. చేయి సగంలో, బంతి చేతిలో.

విసిరే కదలిక మొదలయ్యాక పిచర్ ఆపకూడదు. ఆపితే దాన్ని బాక్ అంటారు. బేస్‌ల మీదున్నవాళ్లందరికీ ఒక్కో బేస్ ముందుకు ఇవ్వాలి. మూడో బేస్ మీదున్నవాళ్లకు ముందున్నది హోమ్ ప్లేటే, అంటే పరుగు, అంటే మ్యాచ్. నిబంధనకు ఒక మినహాయింపు ఉంది. పిచర్‌ను ఆపడానికి ప్రత్యర్థి జట్టే కావాలని కేక వేస్తే బాక్ లెక్కలోకి రాదు, ఆ బంతి మళ్లీ వేయించాలి. కేక ప్రేక్షకులదైతే మినహాయింపు లేదు.

చేయి ఎత్తి "బాక్" అనడానికి నాకు మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియోలో ఆ ఆలస్యం స్పష్టంగా కనిపిస్తుంది. టౌన్‌షిప్ కోచ్ దాన్నే పట్టుకున్నాడు. కేక దోర్నపాల్ బెంచీ నుంచి వచ్చిందని, అందుకే అంపైర్ సందేహించాడని పరుగెత్తుకొచ్చి వాదించాడు. పద్ధతి ప్రకారం బేస్ అంపైర్‌ను పిలిచి విడిగా అడిగాను. దంతేవాడ నుంచి వచ్చిన కుర్ర ఉపాధ్యాయుడతను. బెంచీలో ఎవరూ నోరు విప్పలేదని, కేక తాడు బయటిదని చెప్పాడు. అతను చెప్పకపోయినా నాకు తెలుసు. ఆ గొంతు నాకు తెలుసు.

బెంచీ కేక అని ప్రకటించి బంతి మళ్లీ వేయించవచ్చు. నా మాట మీద ఇంకెవరి మాటా నిలబడేది కాదు. అబద్ధమవుతుంది, అంతే. తీర్పు మార్చలేదు. పరుగు ఇచ్చాను.

దోర్నపాల్ జనం డప్పు ఎత్తారు. నాలుగు దెబ్బలు పడ్డాక అది దానంతటదే ఆగింది. సునీత హోమ్ ప్లేట్‌ను తాకి, తనను ఎత్తుకోబోయిన తన జట్టు పిల్లలను తప్పించుకుని పలక దగ్గరికి వెళ్లింది. ముత్తి అక్కడే నిలబడి ఉంది. సునీత ఆమె పక్కనే నిలబడింది. కోచ్ ఇంకా నాతో వాదిస్తుంటే ముత్తి వచ్చి అడ్డు నిలిచింది.

"నేనే ఆగిన సార్. బాకే అది" అని అతనితో హిందీలో చెప్పింది. తర్వాత ఆ రోజు మొదటిసారి నాకేసి చూసి, తెలుగులో, "మీరే అరిచిన్రనుకున్న సార్" అంది.

స్కోరు పుస్తకంలో సంతకం పెట్టాల్సి ఉందని టేబుల్ వైపు నడిచాను.

సత్తెన్న అక్కడికే వచ్చాడు. ఆట మళ్లీ ఆడించమన్నాడు. కేక వేసింది తానేనని, కావాలంటే రాసిస్తానని అన్నాడు. ఆడినవాళ్లు కాక చూసినవాళ్లు వేసిన కేకకు మళ్లీ ఆట ఉండదని చెప్పాను. ముత్తిని హెచ్చరిద్దామని అరిచావా, ఆపుదామని అరిచావా అని అడిగాను.

"ఏమో సార్. నోట్లకెల్లి వచ్చింది. దేనికి అరిచిన్నో నాకే తెల్వదు" అన్నాడు. "ఒక్క మాట చెప్పి పోతే అయిపోవు కదా సార్. చెప్పకుండ పోయింది. గదే కడుపుల ఉంది."

అప్పుడు చెప్పాను. ముత్తి నాతో చెప్పిందని, సంతకం నేనే చేశానని, నీకు చెప్పమని నన్ను అడిగిందని, నేను చెప్పలేదని.

"ఏడాది అయితాంది సార్" అన్నాడు. "ఏడాది సంది ఆ పిల్లను తిట్టని దినం లేదు నేను." అక్కడి నుంచి నేరుగా టౌన్‌షిప్ బస్సు వైపు వెళ్లాడు. కిటికీ దగ్గర నిలబడి ఏదో మాట్లాడుతున్నాడు. ముత్తి లోపలి నుంచి తల ఊపుతోంది. ఏమనుకున్నారో నాకు తెలియదు. ఇద్దరినీ ఎప్పుడూ అడగలేదు. బస్సు కదిలాక కూడా అతను కాసేపు దాంతోపాటు నడిచాడు.

ఆ ఏడాది రాష్ట్ర జట్టు ఎంపిక ఫైనల్ మ్యాచ్ చూసి చేశారు. ఫైనల్‌లో లేని ముత్తి పేరు జాబితాలోకి రాలేదు. మరుసటి ఏడు వచ్చింది. రెండేళ్లు ఆడి, ఇప్పుడు జగదల్‌పూర్‌లో వ్యాయామ విద్య చదువుతోంది. దోర్నపాల్ ఫైనల్‌లో ఓడిపోయింది. బజారులో కొందరు సత్తెన్నను మ్యాచ్ గెలిపించినవాడని భుజం తట్టారు, కొందరు పిల్ల బతుకు చెడగొట్టాడని బట్టలు ఇవ్వడం మానేశారు. అతను రెండు రకాలవాళ్ల మీదా విసుక్కునేవాడని విన్నాను.

మ్యాచ్ నివేదికలో 'విశేషాలు' అనే గడి ఉంటుంది. చాలామంది అందులో 'నిల్' అని రాస్తారు. రెండు జట్లతోనూ నాకున్న సంబంధం, ఆ కేక నేను అలవాటు చేసినదన్న సంగతి అందులో రాశాను. లేనిపోని ప్రశ్నలు వస్తాయి, కొట్టేయమని అధికారి చెప్పారు. నేను కొట్టేయలేదు, ప్రశ్నలూ రాలేదు.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో పీటీఐలకు శిక్షణ ఇచ్చిన ప్రతిచోటా, పిచర్‌ను ఆపే సంకేతం క్యాచర్ చేతి వేళ్లతోనే ఇప్పించాలని, గొంతుతో ఇవ్వకూడదని చెప్పాను. నేను నేర్పిన పిల్లలున్న మ్యాచ్‌కు నియమిస్తే అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చాను. నోటితో చెప్పిన అభ్యంతరాన్ని నవ్వి పక్కన పెట్టవచ్చు, కాగితానికి జవాబు ఇవ్వాలి. ఎవరైనా బడి మారుతుంటే సంతకం చేసిన రోజే ఆ మాట జట్టు ముందు చెప్పాను. బాక్ తీర్పు సరైనదేనని ఈ రోజుకీ అంటాను. దాన్ని చెప్పవలసిన మనిషి మాత్రం నేను కాదు.