మొదటి పిడికెడు

గుజరాత్‌లోని గోడాదరాలో మగ్గాల షెడ్డు మీది గదిలో ఉంటుంది కొమురవ్వ. సకినాలు చుట్టడంలో ఆమెకు తిరుగులేదని గల్లీలోని తెలంగాణ ఆడవాళ్లంతా ఒప్పుకుంటారు, వంకలు పెట్టడమే పనిగా ఉండే లలితమ్మతో సహా.

ఆమె మనవరాలు సుమనకు గోధుమ పడదు. పిండి దుమ్ము తగిలినా పేగు పాడవుతుందని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి కోడలు కరుణ పిల్లకు వేరే గిన్నె, వేరే గంటె పెట్టింది. దుకాణంలో కొన్న చిరుతిండి ఏదీ గడప దాటి లోపలికి రానివ్వలేదు. నోటికి కరకరలాడేది కావాలంటే పిల్లకు నానమ్మ సకినాలే దిక్కు. అందుకు కొమురవ్వ లోలోపల పొంగిపోయేది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు పిండి గిర్నీ మూతపడింది. పక్కింటి గుజరాతీ ఆమెకు ఇంట్లోనే పిండి పట్టే మిషను ఉంది. అందులో రోజూ పట్టేది గోధుమలే. కొమురవ్వ గిర్నీ అలవాటు కొద్దీ మొదట పిడికెడు బియ్యం ఆడించి, మిషను శుభ్రమైందనుకుని, గోధుమ దుమ్ము అంటిన ఆ పిండిని పక్కన పెట్టింది. పారేయడానికి చెయ్యి రాలేదు. సకినాలకు ముందు పసుపు బొట్టు పెట్టి మొక్కే గౌరమ్మ ముద్దను దానితోనే చేసింది. దేవతకే కదా, పిల్లకు కాదు కదా! ఆనవాయితీ ప్రకారం మొదట గౌరమ్మనే నూనెలో వేసింది. ఆ నూనెలోనే సకినాలన్నీ కాల్చింది.

మూడోనాటికి సుమన కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. మంచినీళ్లు కూడా ఇమడలేదు. కరుణ ఆసుపత్రికి ఎత్తుకెళ్లి, కిటకిటలాడే వార్డులో ఆరు రోజులు పిల్లను కాచుకుంది. పిల్ల ఇంటికొచ్చింది. కరుణకు అక్కడే కరోనా అంటుకుంది. ఆమె మళ్లీ రాలేదు.

నూనె సంగతి కొమురవ్వకు అప్పుడు తట్టింది. ఎవరికీ చెప్పలేదు. కింద మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. వాటి అదురుకు మేకుకు వేలాడే, పిల్ల వంటకని కరుణ పెట్టిన గంటె గోడకు టక్కుటక్కుమని కొట్టుకుంటుంది. చప్పుడు మగ్గాల వల్లేనని కొమురవ్వకు తెలుసు. అయినా కోడలు పొయ్యి దగ్గర నిలబడి, "ఏం కలిపినవ్ అత్తమ్మా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది.

సంవత్సరీకం దగ్గరపడింది.

"కరుణకు సకినాలంటే పాణం. జరన్ని చెయ్యరాదే అవ్వా," అన్నాడు కొడుకు మహేశ్.

కొమురవ్వ సకినాలు చుట్టే గుడ్డ పరిచింది గానీ పిండి ముట్టలేదు. పక్కన కూర్చున్న సుమన ఉన్నట్టుండి ఏడుపు అందుకుంది.

"నేనే అమ్మను సంపిన నానమ్మా. గప్పుడు మెట్ల మీద దోస్తు ఇస్తే నాకు పడని ఖారీ బిస్కట్ ముక్క తిన్న. బాపుకు చెప్పకు."

ఏడాదిగా ఈ పదేళ్ల పిల్ల నిద్రలో ఉలిక్కిపడుతున్నది ఇందుకా! ముక్క వల్లో, నూనె వల్లో ఇప్పుడు ఎవరు తేల్చగలరు? నోరు మూసుకుంటే తన తప్పు ఎన్నటికీ బయటపడదు. ఆ ఆలోచన ఒక్క క్షణం హాయిగానే అనిపించింది, సిగ్గులేకుండా. గోడ మీద గంటె కొట్టుకుంటూనే ఉంది.

"నువ్వు గాదు బిడ్డా, నేను," అని, పిడికెడు పిండి దగ్గర్నుంచి అంతా చెప్పేసింది.

సుమన చాలాసేపు ఆమె చేతులకేసి చూసింది. మళ్లీ ఏడవలేదు.

ఇప్పుడు పిల్ల నిద్రలో ఉలిక్కిపడటం లేదు. తన బువ్వ తనే వండుకుంటోంది. మేకుకు వేలాడే గంటె తీసుకుని, పొయ్యి వెలిగించే ముందు ఒకసారి వెనక్కి తిరుగుతుంది.

"జర దూరం కూసో నానమ్మా."

కొమురవ్వ గడప దాకా జరిగి కూర్చుంటుంది.