తలుపు మీద సున్నా

కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది ఒకటుంటుందని చాలామందికి తెలియదు. ముందు గదిలో దీపాలు, అద్దాలు, నవ్వు మొహాలు. వెనక గదిలో ఆ అమ్మాయి, గిర్రున తిరిగే సానరాయి, దాని మీద సన్నగా పడే నీళ్ళు. లెన్సును ఫ్రేము కొలతకు అరగదీయడం ఆమె పని. కౌంటరు అతను గోడలోని కిటికీలోంచి ట్రే తోస్తాడు, ఆమె పని ముగించి వెనక్కి తోస్తుంది. రాయి మోతలో ఏమీ వినపడదు గనక ఎవరూ మాట్లాడరు. ఊళ్ళో సగం మంది ఆమె పుణ్యమా అని లోకాన్ని చూస్తున్నారు, ఆమెను చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఈ ఊరొచ్చి రెండేళ్ళు. మూడో అంతస్తులో ఒంటి గది. అన్నయ్య ఫోన్ చేస్తే తిన్నావా అని అడిగి, జవాబు పూర్తి కాకముందే పెట్టేస్తాడు. ఇన్నాళ్ళలో ఆ తలుపు తట్టింది ఒక్కరే, అదీ ఇల్లు పొరబడి. ఒంటరితనం అలవాటైపోతుందంటారు చూశారూ, అలా అనేవాళ్ళ ఇంటి నిండా మనుషులుంటారు.

అంతలో ఎన్నికలొచ్చిపడ్డాయి. ఏ జెండా పట్టని కుర్రకారు ఎటు మొగ్గితే అటే గెలుపని తేలేసరికి పార్టీలకు వాళ్ళ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక పార్టీ వాళ్ళు పాటల బండితో వచ్చి, ఆమె నెత్తిన టోపీ పెట్టి, ఫోటో దిగి వెళ్ళిపోయారు. టోపీ పెట్టడమంటే అదే మరి! రెండో పార్టీ తరఫున వచ్చింది పిన్ని. చుట్టరికమేమీ లేదు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పి, చేతిలో సుద్దముక్క. మెట్లెక్కి ఆయాసపడుతుంటే మంచినీళ్ళందిస్తూ పిన్నీ అనేసింది అమ్మాయి, అంతే.

వాళ్ళకో పద్ధతుంది. ఓటు తమదేనంటే ఆ తలుపు మీద టిక్కు, కాదంటే ఇంటూ, ఎటూ తేల్చని గోడమీద పిల్లులకు సున్నా. సున్నా ఉన్న ఇళ్ళకే మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఎదురింటి ముసలాయన మీకేనమ్మా అని టిక్కు వేయించుకున్నాడు, ఆ తర్వాత ఆయన గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఏరు దాటాక బోడిమల్లయ్యే కదా. అమ్మాయి అదంతా తలుపు సందులోంచి చూసింది.

నిజానికి పిన్ని రెండోసారి వచ్చినప్పుడే ఆమె తేల్చుకుంది. తను పనికి వెళ్ళే దారిలో ఆపేసిన బస్సు మళ్ళీ నడుపుతామంటున్నారు, చాలదూ? కానీ నోటికొచ్చింది వేరే మాట.

"ఇంకా ఆలోచిస్తున్నాను పిన్నీ."

అప్పటి నుంచీ సెలవునాడు మధ్యాహ్నం పిన్ని రావడం, రెండు గ్లాసుల టీ, ఒక కొత్త అనుమానం. పన్నులు పెంచరు కదా? కాలువ పూడిక తీయిస్తారా? పాపం పిన్ని ఆ ప్రశ్నలు మోసుకెళ్ళి, ఆఫీసులో అడిగి, జవాబు తెచ్చేది. జవాబు ముగిశాక మాట ఎటో పోయేది. పిన్ని ఒకప్పుడు పాడేదట, అత్తగారికి నచ్చక మానేసిందట. ఆ కబుర్ల తీపితోనే అమ్మాయికి వారమంతా గడిచేది. ఒకసారి వాన జల్లుకు సున్నా చెరిగిపోతే కంగారుపడి, దుకాణం నుంచి సుద్ద తెచ్చి మళ్ళీ దిద్దుకుంది కూడా. ఇంత పిచ్చి ఎవరికైనా ఉంటుందా అంటే, ఉంటుంది.

పోలింగు దగ్గర పడిన సెలవునాడు టీ పెట్టి కూర్చుంది. తలుపు చప్పుడైంది. తీస్తే ఇస్త్రీ చొక్కా కుర్రాడు, చేతిలో సుద్ద.

ఆవిడేరని అడిగింది. ఇన్నిసార్లు తిరిగినా ఈ మేడ మీద సున్నా సున్నాగానే ఉందని పెద్దలు కోప్పడ్డారనీ, యువతతో యువకులే మాట్లాడాలని తేల్చి ఆవిడను తప్పించారనీ అతను చల్లగా చెప్పాడు.

తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. ఆ మెట్ల మీద అరిగిన మోకాళ్ళకు తను ఇప్పించిన బహుమతి ఇదా!

"నా ఓటు మీకేనండి. ఎప్పుడో అనుకున్నాను. ఆవిడ చెప్పబట్టే వేస్తున్నాను. ఆ మాట మీవాళ్ళకి చెప్పండి, ఆవిడనే పంపించమనండి."

కుర్రాడి మొహం వెలిగిపోయింది. మొదటి మాటకే ఒప్పించేశానని అతని సంతోషం. "తప్పకుండా చెబుతానండి. ఎవరావిడ? మాలో పెద్దావిడలు చాలామంది తిరుగుతున్నారు. ఎక్కడుంటారు?"

ఇన్ని వారాలూ ఆమె పన్నుల గురించి అడిగింది, కాలువ గురించి అడిగింది. మీరెక్కడుంటారు పిన్నీ అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఎప్పుడూ ఆవిడే వస్తుందనుకుంది.

"మోకాళ్ళ నొప్పి ఉంటుందండీ ఆవిడకి" అంది చివరికి.

కుర్రాడు అలాగేనని తలూపాడు. టీ తాగమంటే, కింద ఇంకా సున్నాలున్నాయి, టైము లేదన్నాడు. అరచేత్తో సున్నా చెరిపి, ఆ చోటే పొడుగ్గా టిక్కు పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"ఇక నిశ్చింతగా ఉండండి. మిమ్మల్నెవరూ ఇబ్బంది పెట్టరు."

ఆమె మంచిదండీ అని తలుపు వేసుకుంది.