తీగ పెట్టని మూడో కార్డు

దెయ్యాల ముచ్చట మొదలైతే మా ఇంట్లో టీవీ సౌండ్ పెంచేది నేనే. సర్వర్లు బిగించడం నా పని. ఏదైనా వింతగా కనిపిస్తే ఎక్కడో తీగ వదులైందనుకుంటాను, వెతికితే దొరుకుతుంది కూడా. శామీర్‌పేటలో జరిగినదానికి మాత్రం ఇప్పటిదాకా ఏమీ దొరకలేదు.

విత్తనాలు నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు పిలిస్తే, బహదూర్‌పల్లి నుంచి పొద్దున్నే బండి మీద వెళ్లాను. వాళ్లకు లైనక్స్‌తో నడిచే సర్వర్ కావాలి. అందులో మూడు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి ఇంటర్నెట్‌కు, ఒకటి ఆఫీసు కంప్యూటర్లకు, మూడోది శీతల గదుల్లో పెట్టబోయే కెమెరాలకు. ఇలా విడివిడిగా ఉంటే బయటివాళ్లెవరూ కెమెరాల జోలికి రాలేరు.

మొదటి రెండూ నడిపించేసరికి మధ్యాహ్నమైంది. కెమెరాలు ఇంకా అట్టపెట్టెల్లోనే, నా కాళ్ల దగ్గర ఉన్నాయి. మూడో కార్డుకు తీగే పెట్టలేదు. అయినా దాని పచ్చలైటు వెలిగింది.

ఒక్కోసారి లైనక్స్‌లో కార్డుల పేర్లు తారుమారవుతాయి. అదేనేమోనని కార్డు మీద ముద్రించిన నంబరుతో సరిచూశాను. అది మూడోదే. దాంట్లోకి ఎక్కడినుంచో డేటా వస్తూనే ఉంది. మిగతా రెండు తీగలూ పీకేశాను. అప్పుడూ ఆగలేదు.

కెమెరాల కోసం వేసిన ప్రోగ్రాం తెరిచాను. బొమ్మ వచ్చింది.

ఖాళీ అరలున్న గది. నేల మీద నీలం స్వెటర్ వేసుకున్న మనిషి, మోకాళ్లు ముడుచుకుని వణుకుతున్నాడు. అతని పక్కన ఒక ఆడమనిషి, వీపు నావైపు పెట్టి కూర్చుని ఉంది. ఆమె చెయ్యి అతని తల మీద మెల్లగా కదులుతోంది. ఆమె వణకడం లేదు.

పక్క గదిలో ఉన్న మేనేజర్ రవీందర్‌ను పిలిచాను.

"అన్నా, ఇది ఏ గది?"

ఆయన వంగి చూశాడు. "మూన్నెంబరు గది. దాంట్ల కెమెరా ఏడిది? గా స్వెటర్ మన మెకానిక్ యాదగిరిది గదా." గొంతు తగ్గించి అడిగాడు. "పక్కన గామె ఎవరు?"

ఇద్దరం పరుగెత్తాం. మూడో గది తలుపుకు బయటినుంచి గడియ పడి ఉంది. లోపలి పిడి పనిచేయడం లేదని తర్వాత తెలిసింది. తలుపు లాగేసరికి యాదగిరి గోడకు ఒరిగి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఫ్యాన్ చూడటానికి లోపలికి వెళ్లాడట. గదిలో ఇంకెవరూ లేరు. ఉన్నవన్నీ ఖాళీ అరలు, దాక్కోవడానికి చోటే లేదు.

అతన్ని మోసుకొచ్చి ఎండలో పడుకోబెట్టి, గోనెసంచులు కప్పాం. చల్లదనం పోకూడదన్న అలవాటుతో రవీందర్ తలుపు మూసి వచ్చాడు.

యాదగిరి అటు చూశాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి. "తలుపెందుకు మూసిన్రు అన్నా? ఆమె ఇంక లోపల్నే ఉన్నది."

రవీందర్ కదల్లేదు. నేనే వెళ్లి తీశాను. లోపల ఎవరూ లేరు. అయినా గడప దాటడానికి నాకు ధైర్యం చాలలేదు. తలుపు అలాగే తెరిచిపెట్టి వచ్చేశాను.

ఆఫీసులోకి తిరిగొచ్చేసరికి మూడో కార్డు లైటు ఆరిపోయి ఉంది. తెర మీద బొమ్మ లేదు. ఆ పని ఇంకొకరికి అప్పగించి ఇంటికొచ్చాను.

యాదగిరి కోలుకున్నాడు. ఇప్పుడు జీడిమెట్లలో వేరేచోట పనిచేస్తున్నాడు. ఒకసారి కలిసినప్పుడు, మేం చూసింది చెప్పి, ఆమె నిన్ను కాపాడిందేమో అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

"కాపాడలే అన్నా. 'పండుకో బిడ్డా, పండుకో' అనుకుంట తల నిమిరింది. కండ్లు మూసుకున్ననంటే ఇగ లేవనని నాకు ఎర్కయితాంది. అయినా మూసుకోబుద్ధయింది."

అతన్ని నిద్రపొమ్మన్నది ఆమె. మరి ఆ బొమ్మను మాకు చూపించింది ఎవరో నాకు తెలియదు.