ఇన్నిసార్లే రాయొచ్చు

యాభై రెండేళ్ళకు అక్షరాలు నేర్చుకున్నాను. అరవై దాటాక కంప్యూటరు మీద రాయడం మొదలుపెట్టాను. మా కూతురు కొత్తది కొనుక్కుని, పాతది తిరువొత్తియూరులోని నా ఇంటికి తెచ్చి పెట్టింది. ఒక మాట కొట్టడం, వెంటనే సేవ్ నొక్కడం నా అలవాటు. నొక్కగానే డిస్కు గరగరమనేది. నా మాటను లోపల ఎవరో అందుకున్నట్టుండేది.

ఒకరోజు ఆ గరగర పోయి టకటక మొదలైంది. నేను బతికిన బతుకంతా నలభై పేజీలుగా అందులోనే ఉంది. పెట్టెను ఆటోలో వేసుకుని, ఊళ్ళోనే ఉన్న చూలై పేటకు పరుగెత్తాను. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఒకటుంది. నడిపేది మా తెలుగు మనిషే. పేజీలన్నీ ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కులోకి మార్చి, చెప్పింది:

"దీంట్లో తిరిగేది ఏమీ లేదు పెద్దమ్మా, సద్దుండదు. ఇంకోచోట ఒక కాపీ పెట్టుకో, అది మొదటి మాట. నిండా నింపొద్దు, కొంచెం ఖాళీ ఉండనీ. నెలల తరబడి కరెంటు ఇయ్యకుండా మూల పడేయొద్దు."

"అరగదు కదా?"

"అరక్కుండా ఏం? దీనికీ ఒక లెక్క ఉండాది. ఇన్నిసార్లే రాయొచ్చు."

తరువాత ఇంకేదో చెబుతూనే ఉంది. నా చెవుల్లోకి వెళ్ళలేదు.

ఇంటికొచ్చి కూర్చుంటే పెట్టె మూగగా ఉంది. సేవ్ నొక్కినా పలకదు. రాత నాకు ఇంత ఆలస్యంగా వచ్చింది, దానికీ ఒక హద్దు పెట్టారా అని కుదురు పోయింది. ఒక్కో సేవ్‌కూ ఎంత అరిగిందో అనుకుంటూ వంటింటికీ కుర్చీకీ తిరిగాను. చివరికి మాట మాటకూ నొక్కడం మానేశాను. దానంతట అదే సేవ్ చేసుకునే ఏర్పాటు ఉంటే అదీ ఆపేశాను. పేజీ పూర్తయ్యాకే ఒక్కసారి నొక్కాలని పొదుపు.

ఆ మధ్యాహ్నం రాసింది బ్యాంకులో నా మొదటి సంతకం గురించి. వేలిముద్రకు గుమాస్తా ఇంకు ప్యాడు ముందుకు తోస్తే, నేను పెన్ను అడిగాను. మా ఆయన నా పక్కనే ఉన్నారు. ఆయన ఏం చేశారో చివరి వాక్యంలో రాస్తుండగా కరెంటు పోయింది.

మళ్ళీ వచ్చేసరికి ఆ పేజీ లేదు. చూలై ఆమెకు ఫోన్ చేశాను. కడుపుబ్బ నవ్వింది.

"అయ్యో పెద్దమ్మా! నువ్వు పొద్దస్తమానం టైపు కొట్టినా అది అరగడానికి నీ మునిమనవరాలికి కూడా ముసలితనం రావాల. పెద్ద పెద్ద సినిమాలు రోజూ ఎక్కించి చెరిపేవాళ్ళకు చెప్పే మాట అది. కాపీ పెట్టినావా?"

"లేదు."

"సరిపోయింది పో! మొదట చెప్పింది అదే కదమ్మా!"

అప్పటికప్పుడు కూర్చుని ఆ పేజీ మళ్ళీ రాశాను. ఈసారి మాట మాటకూ సేవ్. ముగించి చదువుకుంటే, మా ఆయన ప్యాడుకు మూత పెట్టినట్టు వచ్చింది. కానీ పోయిన పేజీలో ఆయన నవ్వారని రాసినట్టు గుర్తు. ఇంకోసారి రాశాను, అందులో నవ్వారు.

రెండూ ఉంచాను. ప్రతి ఆదివారం పెన్ డ్రైవులోకి కాపీ తీసేటప్పుడు రెండూ తెరిచి చూస్తాను. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఏది నిజమో అడగాలంటే ఇక ఆ పోయిన పేజీనే అడగాలి.