శాంతి సంఘం అధ్యక్షుడి క్యాసెట్టు

ఆ రోజుల్లో ప్రపంచాన్ని మార్చడానికి ముగ్గురు మనుషులు, ఒక డబ్బా నీలం రంగు ఉంటే చాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పుడు ఇంటి గోడకు రంగు మార్చాలన్నా ఎంతమందిని బతిమాలాలో తెలిసింది.) గోదావరి జిల్లాలో మేం చదివిన డిగ్రీ కాలేజీలో శాంతి సంఘం పెట్టింది నేనే. నేను అధ్యక్షుణ్ణి, మా క్లాసువాడొకడు కార్యదర్శి, ఇంకొకడు కోశాధికారి. సభ్యులు లేరు. ఏటా మా కాలేజీ గ్రౌండులో మిలట్రీ సెలక్షన్లు జరిగేవి. ఆ పొద్దున ముగ్గురం గేటు దగ్గర 'తుపాకీ వద్దు, పుస్తకం ముద్దు' అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద వచ్చిన కుర్రాళ్ళు మమ్మల్ని చూసి, ఇంత పొద్దున్నే అట్టలతో నిలబడ్డారంటే మిలట్రీవాళ్ళ తాలూకు మనుషులే అయ్యుంటారనుకుని, "లైను ఎక్కడండీ?" అని అడిగేవారు. అడిగినవాడికి దారి చెప్పకపోతే బాగుండదని మేమూ, "లోపలికెళ్ళి ఎడంచేతి వైపండి" అని మర్యాదగా చెప్పేవాళ్ళం. మూడేళ్ళలో మేం ఆపింది ఒక్కణ్ణీ లేదు. దారి చూపించింది మాత్రం చాలామందికి.

డిగ్రీ అయ్యాక సంఘం చెదిరిపోయింది. కోశాధికారి బ్యాంకు పరీక్ష పాసై ఎటో వెళ్ళిపోయాడు. కార్యదర్శి అదే కాలేజీలో ల్యాబు అసిస్టెంటుగా చేరాడు. నేను ఖతర్ వచ్చి పడ్డాను. కువైట్ యుద్ధం ముగిసి అప్పటికి రెండు మూడేళ్ళు. దోహాలో ఒక కట్టడాల కంపెనీలో టైమ్‌కీపర్ ఉద్యోగం. అంటే ఎవరు ఎన్నింటికి డ్యూటీకొచ్చారో, ఎన్నింటికి దిగారో రాసుకోవడం. మనుషుల్ని పేర్లతో కాదు, నంబర్లతో పిలవాలి. మనిషికి పేరే గౌరవమని కాలేజీలో ఉపన్యాసాలిచ్చిన నేను, పొద్దున్నే బస్సు పక్కన నిలబడి "నూట పదహారూ, యల్లా, ఎక్కు" అని కేకలేసేవాణ్ణి. నన్ను మాత్రం ఎవరైనా పేరు పెట్టి పిలిచేవారా అంటే అదీ లేదు. అందరికీ నేను టైమ్‌కీపర్నే. ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు. గదికి ఎనిమిది మంది, ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు. ఎనిమిది మందిలో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. రెండోవాడు కరీంనగర్ భాయ్, ఏసీ మెకానిక్కు, నాకంటే పదేళ్ళు పెద్ద. భాయ్‌కి సైట్లు మారుతుంటాయి కాబట్టి వారంలో సగం రోజులు గదిలో ఉండడు. ఆ సగం రోజులూ నేను తెలుగు మాట ఒక్కటి కూడా పలక్కుండా నిద్రపోయేవాణ్ణి. శుక్రవారం పొద్దున అల్ హిలాల్‌లో ఒకరి విల్లాలో మా తెలుగు చర్చివాళ్ళు ప్రార్థనకు కూడేవారు. అక్కడ పాట అందుకుంటే నా గొంతు నాకే కొత్తగా వినపడేది.

అలాంటి రోజుల్లో తమ్ముడి ఉత్తరం వచ్చింది. వాడు అదే కాలేజీలో ఆఖరి సంవత్సరం. "అన్నయ్యా, వచ్చే నెల సెలక్షన్లున్నాయి. ఈసారి నేనూ వెళుతున్నాను. నాన్న సరేనన్నారు. నువ్వు కోప్పడతావని తెలుసు" అని నాలుగే వాక్యాలు. నేను కోప్పడలేదు, కూలబడ్డాను. యుద్ధం వద్దన్న మాట నేను నిజంగానే నమ్మాను, అందులో అబద్ధం లేదు. కానీ అంతకంటే లోపల ఇంకో సంగతి ఉంది, దాన్ని ఇన్నేళ్ళకు గాని ఒప్పుకోలేకపోయాను. వాడి డిగ్రీ అవగానే మా కంపెనీలో వీసా అడిగి ఇక్కడికి రప్పించుకోవాలని నా ఆశ. చిన్నప్పటి నుంచి ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళం. వాడు మిలట్రీలో చేరాడంటే ఇక గదిలో నా పై మంచం మీద జీవితాంతం ఎవరో పరాయి మనిషే పడుకుంటాడు.

తమ్ముడికి ఉత్తరం రాసి ఊరుకుంటే పోయేది. కానీ అధ్యక్షుణ్ణి కదా. మొత్తం కాలేజీని ఉద్దేశించి మాట్లాడాలనిపించింది. అప్పట్లో మావాళ్ళు ఇంటికి ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ పంపేవారు. టేప్ రికార్డరు ముందు కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పి, సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేతికిస్తే ఇంటికి చేరేది. ఆ శుక్రవారం సాయంత్రమే రాజోలు అంకుల్ (మా కంపెనీ ఫోర్‌మన్, మావాళ్ళందరికీ తపాలా శాఖ ఆయనే) బొంబాయి విమానమెక్కుతున్నారు. నా దగ్గర కొత్త క్యాసెట్టు లేదు, శుక్రవారం సాయంత్రం దాకా కొట్లు తెరవరు. పెట్టె అడుగున పాతదొకటి దొరికింది. వచ్చిన కొత్తలో తమ్ముడి కోసం మాట్లాడి, పంపడానికి సిగ్గుపడి దాచుకున్నది. దాని మీదే మళ్ళీ మాట్లాడితే పాతది చెరిగిపోతుంది కదా అనుకున్నాను. చెరిగిపోతుంది. అయితే మనం ఎంతసేపు మాట్లాడితే అంతవరకే చెరుగుతుంది. ఈ చిన్న విషయం గల్ఫులో ఉన్న ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఉపన్యాసం తలకెక్కినవాడికి తెలిసినవి గుర్తుండవు.

గదిలో మిగతావాళ్ళు బట్టలుతుక్కోడానికి వెళ్ళారు. శ్రోతగా భాయ్ ఒక్కడు మిగిలాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "సోదరులారా, అక్కడ మీకు పేరుండదు, నంబరుంటుంది. ఈల వేస్తే లేవాలి, ఈల వేస్తే పడుకోవాలి. గదికి ఇందరని ఇనప మంచాలు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడితే తిండి. ఎక్కడో కూర్చున్న పెద్దమనిషి ఎక్కడికెళ్ళమంటే అక్కడికి, ఎందుకని అడక్కుండా వెళ్ళాలి. మీరెవరో తెలియనివాళ్ళ కోసం, మీకేమీ చెయ్యనివాళ్ళ మీదికి..." ఇలా ఇరవై నిమిషాలు దంచాను. ఆపి చూస్తే భాయ్ గడ్డం గోక్కుంటున్నాడు.

"మంచిగ జెప్పినవ్ తమ్మీ. నేను కువైట్ల ఉండంగ లడాయి జూసిన. నువ్వన్నది బరాబరే, లడాయి మంచిది గాదు. గని ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. గా నంబరు, గా మంచాలు, గా లైన్ల నిలబడి తినుడు, గిదంత మిలట్రీ ముచ్చటనా, మన క్యాంపు ముచ్చటనా?"

"మిలట్రీదే భాయ్."

"అచ్ఛా. మిలట్రీల సాలుకు రెండు నెలల సెలవిస్తరట గద. మనకు రెండేండ్లకు ఒక్క నెల."

నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచి ఉపన్యాసం విని సెలవుల లెక్క అడిగేవాడితో ఏం మాట్లాడతాం. క్యాసెట్టు కాగితంలో చుట్టి, కార్యదర్శి పేరు రాసి, సెలక్షన్ల రోజు మైకులో వినిపించమని చీటీ పెట్టి, పరుగున వెళ్ళి అంకుల్ చేతిలో పెట్టాను. "ఇదేంటబ్బాయ్, పచ్చడి సీసా కాదు కదా, పగిలిపోద్దేంటి?" అన్నారాయన. "కాదండీ, శాంతి సందేశం" అన్నాను. "అయితే చొక్కా జేబులో పెట్టుకుంటాలే" అని నిజంగానే గుండె మీది జేబులో పెట్టుకున్నారు.

తర్వాత మూడు వారాలు ఏ కబురూ లేదు. ఆ మూడు వారాలూ నేను బస్సు పక్కన నిలబడి నంబర్లు పిలుస్తూ, అక్కడ గ్రౌండులో కుర్రాళ్ళంతా చొక్కాలు తొడుక్కుని ఇళ్ళకు వెళ్ళిపోతున్నట్టు, ముందు వరసలో మా తమ్ముడు ఉన్నట్టు ఊహించుకునేవాణ్ణి. ఆ తర్వాత కార్యదర్శి ఉత్తరం వచ్చింది. వాడు ల్యాబు రిపోర్టు రాసినట్టు రాశాడు. ప్రిన్సిపాలు గారు శాంతి సందేశమంటే ఏదో దైవ సందేశమనుకుని మైకుకు అనుమతి ఇచ్చారట. మైక్‌సెట్ అతను గ్రౌండుకు నాలుగు పక్కలా నాలుగు హారన్లు కట్టాడట. నా ఉపన్యాసం వస్తున్నంతసేపూ కుర్రాళ్ళు వింటూనే పరుగు పందేలు పరిగెత్తారట. కార్యదర్శి గేటు బయట కాగితాలు పంచుతున్నాడు. ఇరవై నిమిషాలకు ఉపన్యాసం అయిపోయింది, క్యాసెట్టు అయిపోలేదు. "ఒరే తమ్ముడూ" అని నా గొంతు మళ్ళీ మొదలైందట.

ఆ పాత క్యాసెట్టులో మొదటి ఇరవై నిమిషాలూ నేను ధైర్యంగా అబద్ధాలు చెప్పాను. తిండి బాగుంది, గది బాగుంది, అందరూ మంచివాళ్ళు. అవన్నీ ఉపన్యాసం కింద చెరిగిపోయాయి. అబద్ధాలు అయిపోయాక చెప్పిన నిజం మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. "ఇక్కడ నన్ను పేరుతో పిలిచేవాడు లేడురా. నిన్న అద్దంలో చూసుకుని నన్ను నేనే పిలుచుకున్నాను. సెలవుకు ఇంకా ఇరవై రెండు నెలలుందట. నువ్వు పక్కనుంటే బాగుండేదిరా" అని, ఆ పైన వెక్కివెక్కి ఏడుపు. నాలుగు హారన్లలోంచి. కార్యదర్శి పరిగెత్తుకొచ్చేలోగా అందరూ వినేశారు. మైక్‌సెట్ అతను ఆపలేదా అంటే, పెట్టిన క్యాసెట్టు అయ్యేదాకా ఆపకపోవడం వాళ్ళ వృత్తి ధర్మమట.

ఫలితం కూడా రాశాడు. లైనులో ఉన్న ఒకడు హవల్దారును, "సార్, మీ దగ్గర సెలవెన్ని రోజులండీ?" అని అడిగాడట. ఏడాదికి రెండు నెలలని ఆయన చెప్పగానే, అప్పటిదాకా గల్ఫు ఏజెంటు చుట్టూ తిరుగుతున్నవాళ్ళు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారట. లైను సైకిల్ స్టాండు దాటిందట. చివర్లో నాలుగు ముక్కలు. "మన సంఘం చరిత్రలో లైనులోంచి బయటికి వచ్చినవాడు ఒకే ఒక్కడు, మీ తమ్ముడు. పరుగులో వాడే మొదట వచ్చాడు. ఛాతీ కొలతలకు నిలబడ్డవాడల్లా వెళ్ళిపోయాడు. అభినందనలు."

సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, నేను ఎగిరి గంతేశాను. ఊరంతా నా ఏడుపు వింటే విన్నారు, తమ్ముడు మాత్రం మిలట్రీకి పోలేదు. భాయ్‌కి ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివి వినిపించాను. భాయ్ నవ్వలేదు. "గెలిచినవ్ తమ్మీ. గని పొల్లగాడు పరుగుల అవ్వల్ వచ్చిండన్నవ్ గదా" అని మాత్రం అని, స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. పది రోజులకు తమ్ముడి ఉత్తరం. అందులో మైకు ఊసు లేదు, ఏడుపు ఊసు లేదు. "అన్నయ్యా, వీసా చూడు, వస్తాను" అని ఉంది.

పరీక్షలవగానే వచ్చాడు. స్టోర్స్‌లో హెల్పరు పని. భాయ్ నా పైనున్న తన మంచం వాడికిచ్చి తను అవతలి మూలకు మారాడు. నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి కావాలనుకున్నాను గానీ వీడు "అన్నయ్యా" అంటాడు కదా, ఆ పిలుపే నాకు పండగలా ఉండేది. మొదటి వారం నా అంత సుఖపడ్డవాడు ఖతర్ మొత్తంలో ఉండడు. రెండో వారంలో ఒక పొద్దున బస్సు వచ్చే ముందు రిజిస్టరు పట్టుకుని బయటికొస్తే, వాడు క్యాంపు గోడ చుట్టూ పరిగెత్తుతున్నాడు. ఊరికే కాదు, చేతి గడియారం చూసుకుంటూ. భాయ్ బ్రష్షు నోట్లో పెట్టుకుని నిలబడి, "ఎవలు తరుముతున్నర్రా చోటే?" అన్నాడు. వాడు నవ్వి, "అలవాటు భాయ్" అన్నాడు. మర్నాడూ పరిగెత్తాడు. ఆ మర్నాడూ. నేను రిజిస్టరులో తల దూర్చి, చూడనట్టే నంబర్లు పిలిచేవాణ్ణి.

కాలేజీని ఉద్దేశించి ఇరవై నిమిషాలు మాట్లాడినవాడికి, పై మంచం మీది తమ్ముణ్ణి ఒక్క ప్రశ్న అడగడానికి ఏడాదిన్నర పట్టింది. మిలట్రీలో చేరే వయసు వాడికి దాటిపోయిన నెల అది. శుక్రవారం, ప్రార్థన నుంచి బస్సులో వస్తున్నాం.

"నా ఏడుపు విని జాలిపడి వదిలేశావా?" అన్నాను.

"వదిలెయ్యాలనుకోలేదు అన్నయ్యా. అందరూ నవ్వుతున్నారు, ఆ మైకు ఆపేసి వద్దామని లైన్లోంచి వెళ్ళాను. రెండు నిమిషాల్లో వచ్చెయ్యొచ్చనుకున్నాను."

"మరి ఆపలేదే?"

"ఆపబోయాను. అప్పటికి నీ ఏడుపు ఆగిపోయింది. వట్టి ఏసీ చప్పుడే వస్తోంది, నువ్వు టేపు ఆపడం మర్చిపోయినట్టున్నావు. అయినా నువ్వు మళ్ళీ ఏమైనా మాట్లాడతావేమోనని అక్కడే కూర్చున్నాను. క్యాసెట్టు అయ్యేదాకా ఏం మాట్లాడలేదు నువ్వు. ఈలోగా నా నంబరు పిలిచేశారంట."

యుద్ధం మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. శాంతి సంఘానికి ఇప్పటికీ అధ్యక్షుణ్ణి నేనే, రాజీనామా ఎవరికివ్వాలో తెలియక. కానీ వేలు గాల్లో ఊపుతూ ఇనప మంచం మీద కూర్చుని సోదరులారా అన్న ఆ పాతికేళ్ళవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. అతని పక్కన కాసేపు కూర్చుని, ఇంత ఉపన్యాసమెందుకయ్యా, నాకు ఒంటరిగా ఉందని తమ్ముడికి ఒక్క ముక్క రాయరాదూ అని అడగాలనిపిస్తుంది. రాస్తే వాడు ముందు సెలక్షన్లో నెగ్గి, ఆ తర్వాత ఏటా రెండు నెలల సెలవులో నాకు తీరిగ్గా జవాబు రాసి ఉండేవాడు.