కంటి కింద బొటనవేలు

మా యారాలు పోయిందని బావగారి కొడుకు మొదటి బస్సుకు మా రఘునాథపల్లి వచ్చి చెప్పాడు. యారాలంటే నా భర్త అన్నకు భార్య. ఛాతీలో నొప్పి అంటూ కూర్చుందట, మళ్లీ లేవలేదు. వరంగల్‌లో దిగి ఆ ఇంటి వాకిట్లో అడుగుపెట్టేసరికి ఆడవాళ్లు అనుకుంటున్నారు: "ఎంత తెల్లగున్నదో సూడుండ్రి. పెండ్లినాడు గిట్లనే ఉండె." ఏడుస్తూ వచ్చిన నాకు ఆ మాట వినగానే కడుపులో పాత మంట లేచింది. మనిషి పోయినా మంట పోలేదు.

డెబ్బైల్లో నేను ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. మగవాళ్లు మగ్గాలు నేసేవారు. మేమిద్దరం రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్లం. ఆమె కాగితంలా తెల్లగా ఉండేది. నేను నలుపు. ఇంటికొచ్చినవాళ్లు ముందు ఆమెను చూసేవారు, తర్వాత నన్ను చూసి మాట మార్చేవారు. మా అత్త ఆమెను దొరసాని అనేది, నన్ను ఇనుప ముక్క అనేది. అది తిట్టు కాదు, మెప్పే. నీళ్ల బిందెలు మోయాలన్నా, నూలు మూటలు ఎత్తాలన్నా ఇనుప ముక్కనే పిలిచేది.

ఒక ఎండాకాలం దొరసాని రాట్నం ముందే ఒరిగిపోయింది. బావ దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ కంటి కింది రెప్ప లాగి చూసి, వేలు గుచ్చి నెత్తురు పరీక్ష చేయించి, ఇది రంగు కాదు, నెత్తురు లేకపోవడం అందట. నెలనెలా ఎక్కువ పోతోంది, పోయినంత తిండితో తిరిగి రావడం లేదు, ఒంట్లో ఇనుము అడుగంటింది అని చెప్పి మందులిచ్చింది. నేను నమ్మలేదు. ఇంత అందమైన రోగం ఉంటుందా అనుకున్నాను.

ఆనాటి నుంచి నెత్తురు పట్టాలని ఆదివారం మాంసం కూరలో కార్జం ముక్కలు ఆమె కంచంలోకి పోయాయి. అంతకుముందు అవి మగవాళ్లవి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండేది కూడా ఆమెకే. రాట్నం దగ్గర ఆమెకు పని తగ్గి నాకు పెరిగింది. అప్పటికి నాకు నాలుగో నెల. నాలుగు మెట్లెక్కితే నాకూ ఆయాసం వచ్చేది, చెవుల్లో హోరు పెట్టేది. ఎవరూ చూడనప్పుడు గుమ్మిలోంచి పచ్చిబియ్యం తీసి బుక్కేదాన్ని. ఎవరితో చెప్పను? ఇనుప ముక్కకు ఆయాసమేమిటి?

ఒక ఆదివారం ఆమె కంచం చూసి ఉండబట్టలేక అన్నాను: "తెల్లగ పుట్టినోళ్ల భోగమే వేరక్కా."

ఆమెకు కోపం రాలేదు. "ఇటు రాయే," అని ఎడమచేతి బొటనవేలితో నా కంటి కింది రెప్ప లాగింది. "నెత్తురు లేకనే బియ్యం బుక్కుతానవ్, ఇప్పుడు ఎరకైంది."

"నువ్వెప్పుడు చూసినవ్?"

"గుమ్మి మూత సప్పుడు వాడంత ఇనవడ్తది. అసలు తెల్లపిల్లవు నువ్వే. నీ తెలుపంత లోపట ఉన్నది."

అత్త అడ్డొచ్చింది. "దానికేమైందే? ఇనుప ముక్క అది."

"గా ఇనుమే లేదంటున్న అత్తమ్మా."

తన కంచంలో సగం కార్జం నా కంచంలో వేసింది. మర్నాడు రాట్నం ఆపి నన్ను దవాఖానకు తీసుకెళ్లింది. నా నలుపు మీద పాలిపోవడం ఎవరికీ కనబడలేదు గానీ, నెత్తురు ఆమెకన్నా నాకే తక్కువుంది. ఇట్లాగే కాన్పుకొస్తే కొంచెం నెత్తురు పోయినా బతకడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది.

గోలీలు తెచ్చుకున్నాను. అవి మింగితే పిల్ల నల్లగా పుడుతుందని వాడలో ఒక మాట ఉండేది. దొడ్డికి నల్లగా పోయేసరికి నాకు అది నిజమే అనిపించింది. ఆపేశాను. నా రంగు నాతోనే పోవాలి, పుట్టేది ఆమెలా ఉండాలి. ఆమె పసిగట్టి అడిగింది.

"పిల్ల నల్లగైతదట," అన్నాను.

"నాకు గూడ నల్లగనే పోతాంది. ఒంటికి పట్టని ఇనుము అది. పిల్ల రంగుకు దానికి ఏం సంబంధమే?"

"నీకేం, తెల్లగున్నవ్. ఎన్నైన చెప్తవ్."

ఆమె గోలీ తీసి నా చేతిలో పెట్టింది. "నల్లగ పుడితే నాకియ్యి, నేను సాదుకుంట. ముందుగాల నువ్వు బతుకు."

అప్పటి నుంచి రోజూ ఎదురుగా నిలబడి గోలీ మింగించి, నోరు తెరిచి చూపించమనేది. ఇనుము ఒంటికి పట్టదని అన్నం ముందు, వెనక నాకు చాయ్ దొరకనిచ్చేది కాదు. కాన్పులో నెత్తురు బాగానే పోయింది. నేను మిగిలాను. పిల్ల నా రంగే. ఆమె చేతుల్లోకి తీసుకుని, "ఇనుప ముక్కకు ఇనుప ముక్క," అని నవ్వింది. ఆ పిల్ల పెరిగి నన్ను దాటుకుని ఆమె ఒళ్లోకే పోయేది. అదీ మంటే నాకు.

ఒంట్లో తేలిగ్గా ఉన్నా ఆమె గోలీలు మానలేదు, చెప్పినన్ని నెలలూ మింగింది. ఆ తెలుపు పోయి గోధుమరంగు తేలింది. వాడలో "దొరసాని రంగు తగ్గింది" అంటే, "రంగు పోయింది, దమ్ము వచ్చింది" అనేది. ఆమె రంగు తగ్గినందుకు సంతోషించాను. అంతలోనే ఆమె రెండు బిందెలు ఒక్కసారే మోసుకొచ్చింది. దానికీ ఓర్వలేకపోయాను.

మేము వేరుపడి రఘునాథపల్లి వచ్చాక, ఎప్పుడు కలిసినా ఆమె బాగున్నావా అని అడగలేదు. బొటనవేలితో నా కంటి రెప్ప లాగి చూసి "మంచిగున్నవ్, కూసో," అనేది. నూలు రాసుకుని ఆ వేలు గరుకుగా ఉండేది. తర్వాత తర్వాత వాడలోని ఆడపిల్లలందరి కళ్లూ చూడసాగింది. రెప్ప లోపల ఎర్రగా లేకపోతే తల్లిని పిలిచి దవాఖానకు తోలేది. మంచి పనే. కానీ నాకు నచ్చేది కాదు. ఆ వేలు నా ఒక్కదానిదే అనుకున్నాను.

ఆమె పోయిన రోజు పక్కింటి పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. "మొన్ననే నా కండ్లు సూసింది చిన్నమ్మా. జర పాలిపోయినవ్, దవాఖానకు పో అన్నది."

"పోయినవా మరి?" అని అడిగాను. దసరా తర్వాత నేను ఆమెను చూడటం ఇదే. నా కళ్లు చూడకుండానే పోయింది.

యారాలి పక్కన కూర్చున్నాను. అందరూ చెప్పుకుంటున్న ఆ తెలుపు మళ్లీ ముఖం మీదికి వచ్చి ఉంది. చేతుల బొటనవేళ్లు రెండూ దగ్గరికి చేర్చి, కండె మీది నూలుతో కట్టేశారు.