వాగు పరుగెత్తదు

నా చిన్నప్పుడు, ఏడో తరగతిలో, మా ఇంగ్లీషు సారు నా హాఫియర్లీ పేపరు మీద కొట్టిన ఎర్రగీత తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళయింది కదా అంటారు. అయితే ఏంది?

మాది పర్ణశాల దాటినాక అడవి దారిలో చిన్న ఊరు. ఆ పరీక్షలో ఒక ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో రాయమన్నారు. అందులో వాగు ఉంది, దాని పక్కన 'రన్' అనే మాట ఉంది. రన్ అంటే పరుగెత్తడం అని సారు క్లాసులో ఒక్కటే అర్థం చెప్పి పదేసిసార్లు రాయించాడు. నేను మాత్రం 'వాగు పారుతుంది' అని రాశాను. మా ఇంటి వెనకే వాగు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని, పరుగెత్తుతుందని ఎట్ల రాస్తాను? సారు సున్నా వేశాడు. వేసి ఊరుకున్నా బాగుండేది. నన్ను నిలబెట్టి, అడవోళ్ళకు తెలుగే సరిగ్గా రాదు, ఇంగ్లీషేం వస్తుంది అన్నాడు. క్లాసంతా నవ్వింది. నా పక్కన కూర్చునే పిల్ల కూడా నవ్వింది.

ఇంటికొచ్చి సంచి మూలకు విసిరికొట్టాను. ఇక బడికి పోను, నీతో మిరపకాయ ఏరడానికి వస్తానని అమ్మతో చెప్పాను. అమ్మ ఎందుకని కూడా అడగలేదు. సరే, పొద్దున్నే లేవమంది. ఆ రోజు అమ్మ మీద కూడా కోపమొచ్చింది.

పక్కింటి అక్క భద్రాచలంలో నర్సు. అప్పుడు సెలవు మీద ఊళ్ళోనే ఉంది. నా ఏడుపు విని వచ్చి, పేపరు చూసి, తన లావుపాటి డిక్షనరీ తెచ్చి ముందర పెట్టింది. ఆ ఒక్క మాటకే పేజీలకు పేజీలు. ముక్కు కారినా అదే మాటట, ఉతికితే చీర రంగు దిగినా అదే, దుకాణం నడిపినా అదే, మోటారు ఆడినా అదే, నీళ్ళు పారినా అదే. అది ఏ పాత మాట నుంచి పుట్టిందో, దానికే పారడం, పరుగెత్తడం రెండర్థాలూ ఉన్నాయట. "మనం పారిపోయిండు అంటం గద, మనదీ గట్లనే" అంది అక్క. నా ఏడుపు ఆగింది కానీ కోపం రెట్టింపయింది. అంటే సారుకే తెలియదన్నమాట.

తెల్లారి అమ్మతో మాట్లాడి, అక్క నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది. హెడ్మాస్టరు ఏదో రాసుకుంటూనే మమ్మల్ని తన గదిలో కూర్చోమని, ఇంగ్లీషు సారుకు కబురు పెట్టాడు. బడిలో పనిచేసే ఆయమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. అక్క తాగకుండా కింద పెట్టింది. మా దిక్కు ఇంటికొచ్చిన మనిషి, తనకిచ్చిన నీళ్ళు ముట్టకపోతే తగువు పెట్టడానికి వచ్చినట్టే. అది తేలేదాకా ఆ ఇంట్లో వేరే పని మొదలుపెట్టరు. మా ఇంగ్లీషు సారుకు ఇవేం తెలుసు, పట్నం మనిషి. వచ్చి, అక్క చూపించిన డిక్షనరీ వైపు చూడకుండానే, పుస్తకంలో సవాలక్ష ఉంటాయి, నేను చెప్పిందే రాయాలి అనేసి క్లాసుకు పోయాడు.

అక్క కదల్లేదు. ఆయమ్మ ఆ గ్లాసును చూసి, పోయి హెడ్మాస్టరు చెవిలో చెప్పింది. ఆయనది మా దిక్కు బూర్గంపాడే, ఆయనకు తెలుసు. రాస్తున్న పెన్ను మూసి, ఇంగ్లీషు సారును వెనక్కి పిలిపించాడు. ఏంది బిడ్డా అని అక్కను అడిగాడు.

"మార్కు కోసం రాలే సారూ. పిల్ల బడి మానేస్తనంటంది. అడవోళ్ళన్న మాట ఏ క్లాసుల అన్నరో ఆ క్లాసులనే వెనక్కి తీసుకోవాలె."

హెడ్మాస్టరు డిక్షనరీ చదివి, పోయి క్లాసులో చెప్పమని సారు చేతికిచ్చాడు. సారు క్లాసుకొచ్చి నా జవాబు సరైనదేనని చెప్పాడు. నిన్న తొందరలో ఏదో అన్నానన్నాడు, అది కూడా బోర్డు వైపు చూస్తూ. నా మొహం చూడలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బయట అక్క కోపం పోయిందా అని అడిగింది. పోలేదన్నాను. "పోనియ్యకు. కానీ దాన్ని సదువు మీద తీయకు" అంది.

తీయలేదు. ఇప్పుడు నేనూ ఇంగ్లీషే చెబుతున్నాను. నేను చెప్పని అర్థం ఏ పిల్లైనా రాస్తే, ఎర్రపెన్ను పక్కన పెట్టి, గిట్ల ఎందుకు రాసినవ్ బిడ్డా అని ముందు అడుగుతాను. ఆ సారు నన్ను ఈ ఒక్క మాట అడిగి ఉంటే చాలు, నాకు ఇంత కోపం ఉండేది కాదు.